రెండు వేలలో సొంత ఎస్‌డీఆర్ బోర్డు: ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

ఐక్యూ_తక్కువ
మూడు నెలలుగా ఒకే పని పట్టుకుని కూర్చున్నా, తల వేడెక్కిపోతోంది. నేను చదివిన కాలేజీలో జూనియర్ల కోసం ఓపెన్ సోర్స్ ఎస్‌డీఆర్ (ఎక్కువ పని సాఫ్ట్‌వేర్ చేసే రేడియో) బోర్డు ఒకటి గీద్దామనుకున్నాను. స్కీమాటిక్, పీసీబీ అంతా కైక్యాడ్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే, ఎవరైనా ఫైళ్ళు తీసుకుని చేయించుకునేలా. ఒక్కో బోర్డు రెండు వేలు దాటకూడదు, దాటితే పిల్లలు కొనరు. హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే ఓపెన్ సోర్స్ ఎస్‌డీఆర్ డిజైన్ ఫైళ్ళు ముందు పెట్టుకుని, దానిలాగే 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా, సిగ్నల్ పంపడం కూడా ఉండేలా మొదలుపెట్టి, ఒక్కో చిప్పూ చవకది మారుస్తూ వచ్చాను. మూడుసార్లు లెక్క కట్టాను. మూడుసార్లూ విడిభాగాలకే తొమ్మిది వేలు దాటింది. అందులో పీసీబీ లేదు, టంకం కూలి లేదు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

ఫిల్టర్_కాఫీ
6 గిగాహెర్ట్జ్ దగ్గర మీ జూనియర్లు ఎవరితో మాట్లాడతారు?

ఐక్యూ_తక్కువ
ఎవరితోనూ కాదు. ఉంటే బాగుంటుందని.

ఫిల్టర్_కాఫీ
"ఉంటే బాగుంటుంది" అన్నదాని ఖరీదే ఏడు వేలు.

గ్రౌండ్_లూపు
ఇంత గొడవ దేనికి? ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చవక రిసీవర్) కొనిచ్చేయండి. 24 మెగాహెర్ట్జ్ నుంచి 1.7 గిగాహెర్ట్జ్ దాకా వింటుంది. ఇంట్లో మనం చేసేది దాని ధరకు రాదు. లక్షల్లో తయారయ్యే వస్తువుతో పోటీ పడటం తెలివైన పని కాదు.

ఐక్యూ_తక్కువ
@గ్రౌండ్_లూపు డాంగిల్ కొంటే పిల్లలు నేర్చుకునేది యూఎస్‌బీలో గుచ్చడం ఒక్కటే. పైగా అది ఓపెన్ కాదు. లోపలున్న ఆర్‌టీఎల్2832యూ చిప్పుకు పూర్తి డేటాషీటు కూడా బయటకు ఇవ్వలేదు.

గ్రౌండ్_లూపు
మీరు వాడబోయే చిప్పుల లోపలి లేఅవుట్ మీకెవరైనా ఇచ్చారా? ఓపెన్ హార్డ్‌వేర్ అంటే బోర్డు ఫైళ్ళే కదా. సిలికాన్ ఎప్పుడూ మూసిన పెట్టే.

టంకం_తాత
ఇద్దరూ కాసేపు ఆగండి. అబ్బాయ్ ఐక్యూ, నువ్వు హ్యాక్‌ఆర్‌ఎఫ్‌లో చూడాల్సింది చూడలేదు. అందులో ప్రధానమైన చిప్పు మ్యాక్స్2837. దాన్ని చేసింది వైమ్యాక్స్ (వైర్‌లెస్ ఇంటర్నెట్) కోసం, పనిచేసేది 2.3 నుంచి 2.7 గిగాహెర్ట్జ్ మధ్య మాత్రమే. దాన్ని గీసిన మైకేల్ ఆస్‌మన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, దాని ముందు ఒక మిక్సర్ పెట్టి, ఏ ఫ్రీక్వెన్సీనైనా ఆ కాస్త చోటికి లాక్కురావడం. వేరే బజారు కోసం చేసిన సరుకును తన పనికి మళ్ళించుకున్నాడు.

చవక రేడియోలన్నీ ఇలా పుట్టినవే. ఆర్‌టీఎల్ డాంగిల్ టీవీ చూడటానికి చేసింది, 2012లో కుర్రాళ్ళు దాన్ని రేడియోగా మార్చారు. సాఫ్ట్‌రాక్ కిట్ కంప్యూటర్ సౌండ్ కార్డు మీద బతికింది. హెర్మిస్ లైట్‌లో ఉన్న ఏడీ9866 బ్రాడ్‌బ్యాండ్ మోడెముల కోసం చేసిన చిప్పు. ఓస్మోకామ్ వాళ్ళు 2018లో యూఎస్‌బీ నుంచి వీజీఏకు మార్చే అడాప్టరుతో సిగ్నల్ పంపించేశారు కూడా!

మన ఊళ్ళోనే చూడు. హైదరాబాద్ ఫర్హాన్ గారి (వీయూ2ఈఎస్ఈ) మొదటి బిట్‌ఎక్స్ (ఇంట్లో చేసుకునే హ్యామ్ రేడియో)లో కాయిల్ చుట్టింది కుళాయి వాషర్ మీద. కాయిల్ చుట్టే ఫెర్రైట్ రింగులు దొరక్క దిగాలుగా కూర్చున్నవాళ్ళం ఆ వ్యాసం చదివి తలలు పట్టుకున్నాం. శానిటరీ షాపులో దొరికే వాషర్! ఇప్పుడాయన ఎస్‌బిట్‌ఎక్స్ అయితే రాస్‌ప్‌బెర్రీ పై మీద నడిచే ఎస్‌డీఆర్, దాని సర్క్యూటూ అందరికీ తెరిచే ఉంది.

కాబట్టి "ఏ రేంజి కావాలి" అని మొదలుపెట్టకు. కోఠీలో ఏం దొరుకుతుంది, దాంతో ఏ బ్యాండు వినొచ్చు అని మొదలుపెట్టు. 7 మెగాహెర్ట్జ్ ఒక్కటి పట్టుకో. ఎస్ఐ5351 క్లాక్ మాడ్యూలు, ఒక 3253 స్విచ్ ఐసీ, ఒక ఆప్ ఆంప్, ఒక ఆడియో ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్పు), ఒక రాస్‌ప్‌బెర్రీ పై పికో. ఇంతే.

డల్లాస్_డైపోల్
తాతగారి మాట కాదనలేను కానీ, పిల్లలకు 7 మెగాహెర్ట్జ్ అంటే ఏం ఆసక్తి ఉంటుంది? మా అమ్మాయికి 1090 మెగాహెర్ట్జ్ పెట్టి ఇంటిమీద పోయే విమానాలు మ్యాప్ మీద చూపిస్తే రాత్రి పదింటి దాకా కదల్లేదు. అదే 40 మీటర్ల బ్యాండు (ఆ 7 మెగాహెర్ట్జే) వినిపిస్తే "నాన్నా, ఈ తాతలు ఏం మాట్లాడుకుంటున్నారు?" అంది. నా ఓటు వైడ్‌బ్యాండ్‌కే. ప్లూటో అనే రెడీమేడ్ ఎస్‌డీఆర్ చూడండి, ఏడీ9363 చిప్పు, 12 బిట్లు, 325 మెగాహెర్ట్జ్ నుంచి 3.8 గిగాహెర్ట్జ్.

బెజవాడ_బ్యాండ్
ఆ తాతల్లో నేనూ ఒకణ్ణి. పొద్దున్నే మేం మాట్లాడుకునేది రెండే విషయాలు. "మీ సిగ్నల్ 59" (అంటే స్పష్టంగా, గట్టిగా వినిపిస్తున్నారని), "మీవైపు వర్షం పడిందా?"

ఫిల్టర్_కాఫీ
ప్లూటో మంచిదే. రెండు వేలకు దాని డబ్బా మూత వస్తుంది.

కోటి_కెపాసిటర్
వైడ్‌బ్యాండ్ వద్దనడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. మామూలు రెండు లేయర్ల 1.6 ఎమ్‌ఎమ్ బోర్డు మీద 50 ఓమ్‌ల ట్రాక్ గీయాలంటే వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు రావాలి. చిప్పు పిన్ను చూస్తే పావు మిల్లీమీటరు. హైవేను తెచ్చి సందులో కలిపినట్టుంటుంది. అది తప్పించుకోవాలంటే నాలుగు లేయర్లు కావాలి, అక్కడే పీసీబీ బిల్లు పెరుగుతుంది. 7 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 42 మీటర్లకు పైనే. నీ నాలుగు సెంటీమీటర్ల ట్రాక్ వంకరగా ఉన్నా అది పట్టించుకోదు. కుర్రాడు మొదటిసారి చేత్తో టంకం పెట్టినా పనిచేస్తుంది.

గ్రౌండ్_లూపు
బిట్ల సంగతీ చూడండి. హ్యాక్‌ఆర్‌ఎఫ్, డాంగిల్ రెండూ 8 బిట్లే. అంటే ఏడీసీ రేంజి ఓ 50 డెసిబెల్స్. తర్వాత శాంపిల్స్ తగ్గించేటప్పుడు కొంత కలిసొస్తుంది (24 లక్షల శాంపిల్స్‌ను 2,400కు దించితే ఇంకో 30 డీబీ), కానీ ముందే ఏడీసీ పొంగిపొర్లితే ఆ లెక్క పనికిరాదు. ఆడియో ఏడీసీలు 24 బిట్లని రాసుకుంటాయి, నిజంగా అన్ని రావు కానీ 8 కంటే ఎంతో నయం. ఇక్కడ మాత్రం తాతగారితో ఏకీభవిస్తున్నా.

టంకం_తాత
ఈ రోజు క్యాలెండర్లో రాసుకోవాలి.

ఐక్యూ_తక్కువ
సరే, 7 మెగాహెర్ట్జ్‌కు దిగాను. పంపడం కూడా తీసేశాను. కానీ ఆడియో ఏడీసీ విడిగా ఎందుకు? పికోలోనే 12 బిట్ల ఏడీసీ ఉంది కదా. లేదా వంద రూపాయల యూఎస్‌బీ సౌండ్ కార్డు?

కోటి_కెపాసిటర్
వంద రూపాయల సౌండ్ కార్డు జోలికి పోవద్దు. నేను పోయాను. రెండు రోజులు ఇమేజ్ (స్టేషన్ దొంగ ప్రతిబింబం) పోవడం లేదని బుర్ర గోక్కున్నా. ప్రతి స్టేషనూ మధ్య గీతకు అటొకటి, ఇటొకటి, కవలపిల్లల్లా, ఇద్దరూ సమానమైన ఎత్తు. ఫేజ్ సరిచేశాను, రెసిస్టర్లు మార్చాను, చివరికి 3253 కూడా పీకి కొత్తది పెట్టాను. తర్వాత తెలిసింది, ఆ కార్డు మైక్ సాకెట్టు మోనో. ఐ, క్యూ (ఒకే సిగ్నల్‌కు 90 డిగ్రీల తేడాతో ఉండే రెండు రూపాలు) రెండూ కావాల్సిన చోట నాకు వస్తున్నది ఐ ఒక్కటే. సాకెట్టు మాత్రం స్టీరియోలాగే కనిపిస్తుంది, పాపం.

ఫిల్టర్_కాఫీ
ఐక్యూ సగం పోయిందన్నమాట. @ఐక్యూ_తక్కువ నీ పేరు సార్థకం.

గ్రౌండ్_లూపు
పికో ఏడీసీతో చేసినవాళ్ళు ఉన్నారు, పనిచేస్తుంది. అయితే రెండు సంగతులు. ఒకటి, 12 అని రాసున్నా నిజంగా చేతికొచ్చేది 9 బిట్ల లోపే. రెండు, లోపల ఏడీసీ ఒక్కటే, ఐని ఒకసారి, క్యూని ఒకసారి వంతులవారీగా చదువుతుంది. రెండూ ఒకే క్షణంలోవి కావు కాబట్టి ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌లో సర్దాలి. నేనైతే పీసీఎమ్1808 పెడతాను. ధరలో పెద్ద తేడా ఏమీ ఉండదు.

ఐక్యూ_తక్కువ
ఇంకో డౌటు. ఎస్ఐ5351 నుంచి 90 డిగ్రీల తేడాతో రెండు క్లాకులు రావడం లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ ఒక్కో తేడా వస్తోంది. ఒకసారి 90, ఒకసారి ఇంకేదో. టెన్షన్ పడి మాడ్యూలు నకిలీదేమోనని ఇంకోటి కొన్నాను, అదీ అంతే.

కోటి_కెపాసిటర్
నకిలీ కాదు. ఫేజ్ రిజిస్టర్ రాశాక పీఎల్ఎల్ (చిప్పులో అసలు క్లాకు పుట్టించే భాగం) రీసెట్ చేస్తున్నావా?

ఐక్యూ_తక్కువ
...లేదు.

కోటి_కెపాసిటర్
చెయ్యి. లెక్క ఇదీ: 7.008 మెగాహెర్ట్జ్ కావాలంటే పీఎల్ఎల్‌ను దాదాపు 785 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపి 112తో భాగించు. అదే 112ను రెండో ఔట్‌పుట్ ఫేజ్ రిజిస్టర్‌లో రాయి. ఆ తర్వాత రీసెట్. సరిగ్గా 90 వస్తుంది. ఆ రిజిస్టర్‌లో 127 దాకే పడుతుంది, పీఎల్ఎల్ 600 కంటే దిగదు. కాబట్టి ఈ కిటుకు సుమారు 4.7 మెగాహెర్ట్జ్ కింద పనిచేయదు. 80 మీటర్ల బ్యాండుకు (3.5 మెగాహెర్ట్జ్) పోవాలనుకుంటే నాలుగు రెట్ల క్లాకు తీసి 74ఏసీ74తో భాగించుకోవాలి.

ఐక్యూ_తక్కువ
వచ్చేసింది! రెండు గీతలూ స్కోపు మీద కదలకుండా నిలబడ్డాయి. కొత్త మాడ్యూలు వృథా, అది మీ దగ్గరే ఎవరైనా తీసుకోండి.

డల్లాస్_డైపోల్
పంపడం తీసేయడం మాత్రం నాకు నచ్చలేదు. సగం సరదా అందులోనే ఉంది.

బెజవాడ_బ్యాండ్
ఇక్కడ పంపాలంటే లైసెన్సు ఉండాలండీ, కేంద్ర ప్రభుత్వ డబ్ల్యూపీసీ వాళ్ళ పరీక్ష రాయాలి. కాలేజీలో అరవై మందికి ట్రాన్స్‌మిటర్లు పంచి "లైసెన్సు తర్వాత తెచ్చుకోండి" అనలేం. వినే బోర్డు ముందు ఇస్తే, విన్నవాళ్ళలో ఐదుగురైనా పరీక్ష రాస్తారు. దిగుమతి తలనొప్పి కూడా ఉంది. నేను పంపే సదుపాయం ఉన్న బోర్డు ఒకటి బయటి దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్‌లో మూడు వారాలు ఆగింది. ప్రతి ఫోన్‌కూ "ఇది ఏమిటి?" అనే అడిగారు. రేడియో అంటే "పాటలు వస్తాయా?" అన్నారు.

గ్రౌండ్_లూపు
లైసెన్సు అంటే గుర్తొచ్చింది. డిజైన్ ఫైళ్ళకు ఏ లైసెన్సు పెడుతున్నారు? ఏమీ రాయకుండా నెట్‌లో పెడితే అది ఓపెన్ సోర్స్ కాదు. మార్పులు చేసినవాళ్ళు తిరిగి ఇవ్వాలంటే సెర్న్ ఓహెచ్ఎల్ (ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు)లో ఎస్ రకం తీసుకోండి. ఏం చేసుకున్నా ఫరవాలేదంటే పీ రకం.

ఐక్యూ_తక్కువ
ఎస్. అయినా ఎవడైనా కాపీ కొట్టి సగం ధరకు అమ్మితే?

టంకం_తాత
అమ్మనీ. సగం ధరకు అమ్మగలిగితే వాడి దగ్గరే కొని పిల్లలకు ఇద్దువుగాని. నీ ఉద్దేశం అదే కదా!

కోటి_కెపాసిటర్
తాతగారూ, అంత తేలిక కాదు. క్లోనులో ఫిల్టర్ కెపాసిటర్లు నాసిరకంవి వేసి, బోర్డు మీద మాత్రం మన పేరే ఉంచుతారు. పనిచేయకపోతే తిట్లు మనకు. ఫైళ్ళు ఇవ్వండి, పేరు మాత్రం అట్టే పెట్టుకోండి.

ఐక్యూ_తక్కువ
(ఐదు వారాల తర్వాత) బోర్డులు వచ్చాయి! ఐదు చేయించాను. మొదటిది నిన్న రాత్రి టంకం పెట్టాను. క్లాకు బాగుంది, ఏడీసీ శాంపిల్స్ వస్తున్నాయి, లాప్‌టాప్‌లో 96 కిలోహెర్ట్జ్ వెడల్పున వాటర్‌ఫాల్ (సిగ్నళ్ళను రంగుల్లో చూపే తెర) కనిపిస్తోంది. 7.1 దగ్గర మాటలు కూడా వినిపించాయి. కానీ బ్యాండు కింది కొసన, 7.008 చుట్టూ, తెర మొత్తం పసుపు. గీత కాదు, గుట్ట. అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. పైకి పోతే పోతుంది, కిందికి దిగితే మళ్ళీ. ఏమిటిది?

గ్రౌండ్_లూపు
ఎల్ఈడీ బల్బు. పందెం.

బెజవాడ_బ్యాండ్
ఇన్వర్టర్ అయ్యుంటుంది. మా ఇంట్లో కరెంటు పోయిన రోజే నాకు పండగ. వీధి మొత్తం చీకటి, బ్యాండు మొత్తం నిశ్శబ్దం, శ్రీలంక వాళ్ళు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తారు. మా ఆవిడ కొవ్వొత్తి వెతుకుతుంటే నేను హెడ్‌ఫోన్ వెతుకుతుంటాను.

ఐక్యూ_తక్కువ
మెయిన్ దింపేసి, లాప్‌టాప్ బ్యాటరీ మీద చూశాను. అలాగే ఉంది. యాంటెన్నా పీకితే పోయింది. కాబట్టి బయటి నుంచే వస్తోంది.

ఫిల్టర్_కాఫీ
యాంటెన్నాకూ 3253కీ మధ్య ఏముంది?

ఐక్యూ_తక్కువ
హైపాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపి పైవి వదిలేది). మీడియం వేవ్‌లో హైదరాబాద్ ఏ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్లు కొడుతుంది కదా, అది ఆపడానికి. మొదట పైనా కిందా రెండూ ఆపే బ్యాండ్‌పాసే గీశాను. పైవి ఆపే లోపాస్ భాగం తీసేస్తే రెండు టొరాయిడ్ల (కాయిల్ చుట్టే రింగులు) ఖర్చు మిగిలింది.

ఫిల్టర్_కాఫీ
మీ డాబా మీంచి ఎఫ్ఎమ్ టవర్ కనిపిస్తుందా?

ఐక్యూ_తక్కువ
ఎర్ర లైట్లు కనిపిస్తాయి. ఎందుకు?

ఫిల్టర్_కాఫీ
రిసీవర్‌ను ఎఫ్ఎమ్ మోడ్‌లో పెట్టి, వెడల్పు మొత్తం తెరిచి, 7.008 మీద విను.

ఐక్యూ_తక్కువ
అమ్మో. పాట వస్తోంది! గొంతు చిరిగినట్టుంది కానీ పాటే. ఇప్పుడు ఆర్‌జే మాట్లాడుతోంది. 40 మీటర్ల బ్యాండులో బిర్యానీ ప్రకటన!

డల్లాస్_డైపోల్
పిల్లలకు ఆసక్తి ఉండదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఫిల్టర్_కాఫీ
ఎఫ్ఎమ్ స్టేషన్ 91.1ని 13తో భాగించండి. 7.0077.

నీ 3253 స్విచ్‌కు వెళ్ళేది చతురస్రాకారపు క్లాకు. స్విచ్ 7 మెగాహెర్ట్జ్‌ను ఒక్కదాన్నే కిందికి దించదు. దాని మూడింతలు, ఐదింతలు, ఏడింతలు, అలా బేసి సంఖ్యలన్నీ దించుతుంది. పైకి పోయేకొద్దీ బలం తగ్గుతుంది, పదమూడో దానికి ఓ 22 డీబీ అయినా పడిపోతుంది. కానీ టవర్ కళ్ళెదుట ఉంటే 22 డీబీ ఏ మూలకు? హైపాస్ ఫిల్టర్ ఎఫ్ఎమ్‌కు సింహద్వారం తెరిచిపెట్టింది. కస్టమ్స్ వాళ్ళు "పాటలు వస్తాయా" అని అడిగింది ఈ బోర్డు గురించే అయ్యుంటుంది.

ఆ రెండు టొరాయిడ్లు పెట్టు.

కోటి_కెపాసిటర్
ఎర్రవి, టీ37-2. 19 చుట్లు వేస్తే సుమారు 1.4 మైక్రోహెన్రీ. తీగ రింగు లోపల్నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక చుట్టు. బయట లెక్కపెడితే ఒకటి తేడా వస్తుంది, అందరూ అక్కడే తప్పుతారు. చుట్లు రింగంతా పరుచుకోవాలి, చివర కాస్త ఖాళీ వదులు. మైక్రోహెన్రీలు కొలిచే మీటర్ లేకపోతే ఆదివారం కోఠీకి రా, గుజరాతీ గల్లీ చివర టీకొట్టు దగ్గర ఉంటా, నాది తెస్తాను.

టంకం_తాత
ఆ టొరాయిడ్లు ఎంతకు మిగిల్చావు?

ఐక్యూ_తక్కువ
రెండూ కలిపి డెబ్బై.

టంకం_తాత
డెబ్బై రూపాయలకు ఎఫ్ఎమ్ స్టేషన్ కొన్నావు. చవకే.

ఐక్యూ_తక్కువ
ఆదివారం కోఠీలో కెపాసిటర్ గారిని కలిశాను. అక్కడే టీకొట్టు బల్ల మీద చుట్టాం. మొదటిది 20 చుట్లు వచ్చింది, ఆయన చెప్పిన తప్పే చేశాను. ఒకటి విప్పాను. ఇంటికొచ్చి బోర్డు మీద ట్రాకు కోసి, కింద చిన్న ముక్క బోర్డు తగిలించి ఫిల్టర్ పెట్టాను. చూడ్డానికి ఆపరేషన్ అయిన కప్పలా ఉంది కానీ పసుపు గుట్ట పోయింది. నలుపు మీద సన్నటి గీతలు, మోర్స్ కోడ్ చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇమేజ్ అసలు సిగ్నల్ కంటే సర్దకముందు 24 డీబీ కింద ఉంది, సాఫ్ట్‌వేర్‌లో ఐ, క్యూ బలాలు, ఫేజ్ సరిచేశాక 43.

గ్రౌండ్_లూపు
43 బాగుంది. 40 రావాలంటేనే బలంలో 0.1 డీబీ, ఫేజ్‌లో ఒక డిగ్రీ కంటే తేడా ఉండకూడదు. రాత్రికి మళ్ళీ కొలువు, వేడికి జరుగుతుంది.

ఐక్యూ_తక్కువ
జరిగింది. రాత్రి 37. ఆన్ చేయగానే తనంతట తాను సరిచేసుకునేలా కోడ్ రాస్తున్నాను. రెండో వెర్షన్ బోర్డులో ఫిల్టర్ పూర్తిగా గీశాను, ఎంత చెప్పినా తీయను. లెక్క మొత్తం 2,140 వచ్చింది.

ఫిల్టర్_కాఫీ
140 ఎక్కువ.

ఐక్యూ_తక్కువ
అందులో డెబ్బై ఏమిటో మీకు తెలుసు. మిగతా డెబ్బై ఎస్ఎమ్ఏ కనెక్టర్. దాని బదులు మామూలు స్క్రూ టెర్మినల్ పెట్టేస్తున్నాను, 7 మెగాహెర్ట్జ్ పట్టించుకోదని ఇక్కడే ఎవరో చెప్పారు.

కోటి_కెపాసిటర్
నా మాట నాకే తగిలింది. పెట్టు, ఫరవాలేదు.

బెజవాడ_బ్యాండ్
రెండో వెర్షన్లో ఒకటి నాకు పక్కన పెట్టు నాయనా, డబ్బులు పంపిస్తాను. రేపు పొద్దున ఏడింటికి 7.1 దగ్గర ఉంటాం, మీ పిల్లల్ని వినమను.

ఐక్యూ_తక్కువ
విన్నాం అంకుల్, తొమ్మిది మంది. 59 ఉన్నారు. మావైపు వర్షం పడలేదు.